మన్రో దారిలో ఒక సీసా

మొదటి రోజు, శుక్రవారం – కర్నూలు

తమ్ముడు హైదరాబాదులో విమానం దిగి, కారులో మా ఇల్లు చేరేసరికి తెల్లవారి ఆరున్నర. తుంగభద్ర వంతెన దాటాక తనిఖీలో ఆపారట. తెలంగాణ మందు ఇటు తెస్తున్నారేమోనని చూడటం అక్కడ మామూలే. వీడి పెట్టెలో దొరికింది ఒక్కటే సీసా. విమానం టికెట్టు, సీసా కొన్న రసీదు చూపించాడు. రసీదు మీది అంకె చూసి కానిస్టేబులు, "సున్నా ఒకటి ఎక్కువ పడినట్టుంది సార్" అన్నాడట.

సున్నా సరిగ్గానే పడింది. 640 పౌండ్లు. మన డబ్బులో డెబ్బై వేలు.

తమ్ముడంటే మా చిన్నాయన కొడుకు. గ్లాస్గోలో ఉద్యోగం, పదకొండేళ్లుగా అక్కడే కాపురం. అరుదైన స్కాచ్ సీసాలను వేలంలో కొనడం వాడి పిచ్చి. ఇంట్లో 31 ఉన్నాయట. ఒక్కటీ మూత తీయలేదు. తాగాలనిపిస్తే బజారుకెళ్లి మామూలు సీసా కొనుక్కుంటాడు. ఈ సంగతి విన్న మా ఆవిడ ఉగ్గాని ప్లేట్లో బజ్జీలు వేస్తూ, "పట్టుచీరలు బీరువాలో పెట్టి నైటీ కట్టుకున్నట్టు" అనింది. వాడు నవ్వేశాడు. కాదనలేదు.

ఈ సీసా మాత్రం తెరవడానికే తెచ్చాడు. మంగళవారానికి కడపలో చిన్నాయనకు డెబ్బై నిండుతాయి. వాళ్ల నాయనతో కూర్చుని మూత తీయాలని వాడి కోరిక. సీసా మీద పేరు రోజ్‌బ్యాంక్, సంవత్సరం 1990. వాడు పుట్టిన ఏడు. ఆ డిస్టిలరీ ఫాల్కర్క్ దగ్గర ఫోర్త్ అండ్ క్లైడ్ కాలువ గట్టు మీద ఉంది. చిన్నాయన ముప్పై ఏళ్లకు పైగా కె.సి. (కర్నూలు–కడప) కాలువ మీద లాకులు చూసుకునే లస్కరుగా, ఆ తర్వాత వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయినాడు. కాలువ గట్టున పుట్టిన విస్కీ కాలువ మనిషికి. ఇంత ఆలోచించి కొన్నాడు కాబట్టి ధర గురించి నేను ఇంకేం అనలేదు.

రోజ్‌బ్యాంక్‌ను 1993లో మూసేశారు. మన దగ్గర సారా నిషేధం వచ్చింది కూడా అదే ఏడాది అక్టోబరులో. ఇక్కడ ఆడవాళ్లు ఉద్యమం చేసి మూయించారు, అక్కడ కంపెనీ లెక్కలు చూసుకుని మూసుకుంది. మూతపడ్డ డిస్టిలరీలో పీపాల్లో మిగిలిందే సరుకు. ఒక సీసా తాగేస్తే లోకంలో ఒకటి తగ్గుతుంది, మిగతావాటి ధర పెరుగుతుంది. పోర్ట్ ఎలెన్, బ్రోరా కూడా 1983లో ఇలాగే మూతపడి, తర్వాత సీసాల వేటగాళ్లకు దేవుళ్లయ్యాయి. తమాషా ఏమంటే ఇప్పుడు ఈ మూడూ మళ్లీ తెరుచుకున్నాయి. పాత సరుకు మాత్రం పాతదే కదా, దాని ధర దానిదే.

"అన్నిటికన్నా ఎక్కువ పలికింది ఏది?" అని అడిగాను. మెకాలన్ 1926 అన్నాడు. ఒకే పీపా, నంబరు 263. అరవై ఏళ్లు పీపాలో ఉంచి 1986లో పోస్తే వచ్చినవి 40 సీసాలు. అందులో పన్నెండింటికి వలేరియో అదామి అనే ఇటలీ చిత్రకారుడు లేబుల్ గీశాడు. ఆ పన్నెండులో ఒకటి 2023 నవంబరులో లండన్ సోద్‌బీస్ వేలంలో దాదాపు 21 లక్షల 87 వేల పౌండ్లకు పోయింది. మన లెక్కలో 22 కోట్ల పైమాటే. 2011 జపాను భూకంపంలో ఇంకొకటి పగిలిపోయిందని చెప్పుకుంటారట.

మా ఆవిడ గరిటె పట్టుకునే వింటోంది. "అది తాగితే చావు రాదా?" అనింది.

కర్నూలు నుంచి కడపకు నంద్యాల మీదుగా పోతే పూట ప్రయాణం. నేనే చుట్టుదారి పెట్టాను. సోషల్ టీచర్ని, బడులు తెరవడానికి ఇంకా వారం ఉంది. థామస్ మన్రో తిరిగిన చోట్లన్నీ వరసగా చూడాలని ఎప్పటినుంచో ఉంది. మన్రో గ్లాస్గోలో పుట్టాడు, 1761లో. నిజాము ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసిన మన జిల్లాలకు 1800 నుంచి 1807 దాకా ప్రధాన కలెక్టరు. గ్లాస్గో నుంచి వచ్చినవాడికి గ్లాస్గోవాడి దారి చూపిద్దామనుకున్నా. తమ్ముడికి ఆ పేరే తెలియదు!

సాయంత్రమంతా సీసాను ఎలా పెట్టాలన్న దానికే సరిపోయింది. వైన్‌ లాగా దీన్ని పడుకోబెట్టకూడదట. ఘాటైన సరుకు, బెండు మూతను తినేస్తుంది. అలాగని బెండు ఎండిపోకూడదు. ఎండ తగలకూడదు. వేడి అసలే పనికిరాదు. కర్నూల్లో జూన్ మొదట్లో ఈ షరతులు వింటే ఎవరైనా నవ్వుతారు. చివరికి మా ఆవిడ జొన్నపిండి పోసే పొడుగు స్టీలు డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది. పాత నూలుచీర చుట్టి, సీసాను అందులో నిలువుగా దించాం.

రెండో రోజు, శనివారం – మంత్రాలయం, పత్తికొండ

ఎమ్మిగనూరు మీదుగా మంత్రాలయం. డబ్బా తమ్ముడి కాళ్ల మధ్యే ఉంది. మఠం దగ్గరకొచ్చాక వాడికి భయం పట్టుకుంది. స్వామి ఊళ్లోకి దీనితో వచ్చామే అని ఒక భయం, ఎండలో కారులో వదిలితే ఏమవుతుందోనని ఇంకొక భయం. రెండోదే పెద్దదని నాకు తెలుసు. డ్రైవరు కారును ఊరి బయట వేపచెట్టు కింద పెట్టి, "నేను కాపలా ఉంటా, మీరు పోయి రండి సార్" అన్నాడు.

మఠం భూముల విషయం తేల్చడానికి వచ్చిన మన్రోతో రాఘవేంద్రస్వామి తన సమాధి అయిన బృందావనంలోంచి మాట్లాడాడని, ఆ మాటలు పక్కనున్నవాళ్లకెవరికీ వినిపించలేదని ఇక్కడి కథ. తమ్ముడు శ్రద్ధగా విన్నాడు. "ఏ భాషలో మాట్లాడి ఉంటారన్నా?" అని అడిగాడు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు ఈ కథ చెబుతున్నా, ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న.

ఆదోనిలో భోంచేసి, పొద్దుగూకే వేళకు పత్తికొండ చేరాం. మన్రో చనిపోయింది ఈ ఊళ్లోనే, 1827 జూలై 6న, కలరాతో. అప్పటికి మద్రాసు గవర్నరు. ఇక ఇంటికి వెళ్లిపోవాల్సిన మనిషి, ఒక్కసారి ఈ జిల్లాలు చూసి పోతానని వచ్చాడు.

1827 అనగానే తమ్ముడు వేళ్లు లెక్కపెట్టాడు. స్కాట్లండులో 1823 చట్టం వచ్చేదాకా ఎక్కువ భాగం దొంగబట్టీలేనట. కొండల్లో రాత్రిళ్లు కాచి గుర్రాల మీద తోలేవాళ్లు. చట్టంతో పన్ను తగ్గించి లైసెన్సులిచ్చారు. మెకాలన్‌కు లైసెన్సు వచ్చింది 1824లో. అంటే మన్రో పత్తికొండలో కన్నుమూసేనాటికి మెకాలన్ మూడేళ్ల పసిబిడ్డ. "స్కాచ్ అనిపించుకోవాలంటే పీపాలో ఉండాల్సింది కూడా మూడేళ్లే" అన్నాడు వాడు. కనీసం మూడేళ్లు, ఓక్ చెక్క పీపాలో, స్కాట్లండులోనే ఉండాలి. సీసాలోకి పోశాక ఎన్నేళ్లు దాచినా ముదరదు. వాడి దగ్గరున్న పన్నెండేళ్ల సరుకు వాడి మనవడి కాలానికి కూడా పన్నెండేళ్లదే.

మూడో రోజు, ఆదివారం – జొన్నగిరి, గుత్తి

రాత్రి వాన పడింది. జొన్నగిరి చూడాలంటే ఇదే రోజు. తొలకరికి మట్టి కొట్టుకుపోయి వజ్రాల రాళ్లు తేలతాయి. తుగ్గలి దాటినప్పటి నుంచి చేలల్లో మనుషులే. నేల చూపులు చూస్తూ, ఒక్కొక్క అడుగు వేస్తూ, కోడిపెట్టల్లా గెలుకుతూ పోతుంటారు. చెట్ల కింద పట్టలు కట్టుకుని వంటలు చేసుకుంటున్నారు. వేరే జిల్లాల నుంచి బియ్యం, పచ్చడి తెచ్చుకుని వారాల తరబడి ఉండిపోయే కుటుంబాలున్నాయి.

తమ్ముడు డబ్బాను డ్రైవరుకు అప్పగించి, చెప్పులు చేత పట్టుకుని చేలో దిగాడు. గంటసేపు వంగిన నడుము ఎత్తలేదు. పన్నెండు రాళ్లు ఏరాడు. పక్కన వెతుకుతున్న ఒకామె వాటిని అరచేతిలో దొర్లించి, పదకొండు పారేసి, పన్నెండోది కూడా కాసేపు చూసి పారేసింది. నాలుగేళ్లుగా వస్తోందట. ఒక్కసారి చిన్నది దొరికింది. కొన్న వ్యాపారి ఇచ్చింది ఎంతో చెప్పలేదు గాని, "వాళ్లంతా ఒకటే నాయనా. పైకి పోటీ పడినట్టుంటారు, లోపల మాట్లాడుకుని వస్తారు" అనింది. రాయి విలువ రాయి దొరికినవాళ్లకు తెలియదు, కొనేవాడికి తెలుసు. ధర తేలేది ఆ తేడాలోనే.

అక్కడే చెట్టు కింద కూర్చుని తమ్ముడు నకిలీల సంగతి చెప్పాడు. 2018లో వేలాల నుంచి, అంగళ్ల నుంచి, దాచుకున్నవాళ్ల నుంచి 55 అరుదైన సీసాలు తీసుకుని గ్లాస్గో దగ్గర ఈస్ట్ కిల్‌బ్రైడ్‌లోని పరిశోధన కేంద్రంలో పరీక్షిస్తే 21 నకిలీవని తేలాయట. పరీక్ష కిటుకు నాకు బాగా నచ్చింది. 1950ల నుంచి పేల్చిన అణుబాంబుల వల్ల గాలిలో ఒక రకం కార్బన్ పెరిగింది. ఆ గాలి పీల్చిన ప్రతి మొక్కలో ఆ గుర్తు ఉంటుంది. బార్లీ కూడా మొక్కే. 1900 నాటిదని లేబుల్ వేసిన సీసాలో ఆ కార్బన్ కనిపిస్తే దొంగ దొరికినట్టే. స్విట్జర్లండులో ఒక హోటల్లో 2017లో ఒకాయన 1878 నాటి మెకాలన్ అని ఒక్క గ్లాసుకు పదివేల ఫ్రాంకుల దాకా పెట్టాడు. పరీక్షిస్తే 1970ల నాటి మామూలు కలగలుపు సరుకు. హోటలాయన మంచివాడు, తానే వెళ్లి డబ్బు తిరిగి ఇచ్చి వచ్చాడట.

వజ్రాలామె ఇదంతా వింది. "సీసా ఖాళీ అయినాక దాన్నేం చేస్తారు?" అని అడిగింది. తమ్ముడు నా మొహం చూశాడు. అసలు దొంగతనం మొదలయ్యేది అక్కడే. అరుదైన ఖాళీ సీసాలకు కూడా కొనేవాళ్లున్నారు. అందులో వేరేది పోసి, మూత బిగించి అమ్ముతారు. ఆమెకు ఈ ధందా గురించి ఒక్క ముక్క తెలియదు, అయినా సరిగ్గా చిల్లు ఉన్నచోటే వేలు పెట్టింది.

ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాల గుండ్లు చూసి, చీకటి పడేసరికి గుత్తి. లాడ్జిలో దిగాం.

ఆ రాత్రి పదకొండున్నరకు ఇంకో తతంగం. గ్లాస్గో లెక్కలో ఆదివారం సాయంత్రం ఏడు, నెలకొకసారి జరిగే ఆన్‌లైన్ వేలం ముగిసే సమయం. వాడి కన్ను స్ప్రింగ్‌బ్యాంక్ సీసా ఒకదాని మీద ఉంది. క్యాంబెల్‌టౌన్‌లో ఇప్పటికీ నానబెట్టిన బార్లీని సొంత గచ్చు మీదే పరిచి మొలకెత్తించుకునే పాత డిస్టిలరీ, సరుకు తక్కువ, ఎగబడేవాళ్లు ఎక్కువ. తన చివరి ధర 300 పౌండ్లని ముందే పెట్టేశాడు. ఎవరైనా పెంచితే ఆ హద్దుదాకా వ్యవస్థే వాడి తరఫున పాడుతూ పోతుంది. ఇక నిద్రపోవచ్చు కదా అంటే పోడు. చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడువు మళ్లీ కొన్ని నిమిషాలు జరుగుతుందట. గంట కొట్టేస్తారన్న హడావుడి లేకుండా, ఇద్దరు మొండివాళ్లు తగిలితే అలా సాగుతూనే ఉంటుంది.

11:26కు కరెంటు పోయింది. వైఫై పోయింది. సెల్లు సిగ్నలు గదిలో ఒక్క గీత. వాడు బనీను మీదే మేడ మీదికి పరుగెత్తాడు, వెనకాల నేను, నా వెనకాల ఏం జరిగిందో తెలియక డ్రైవరు. చీకట్లో గుత్తి కొండ నల్లగా కనబడుతోంది. ముగ్గురం ఒక ఫోను చుట్టూ. 310. ఎవరో దాటేశారు. వీడు 330. అటువైపు 340. నాకే చేతులు చెమట పట్టాయి. టెన్షన్ అంటే ఇదీ అనిపించింది, నా డబ్బు కాకపోయినా. 390 దగ్గర వాడు ఆగాడు. దాని మీద పది శాతం పైగా కమిషను, కమిషను మీద పన్ను. "ఇంక వద్దులేన్నా" అన్నాడు గాని, 400కు అది ఎవరిదో అయిపోయేదాకా తెర మీంచి చూపు తీయలేదు.

డ్రైవరు అంతా చూసి, "మా వినాయకుడి లడ్డు వేలం మాదిరే ఉంది సార్" అన్నాడు. బాలాపూర్ లడ్డు 1994లో 450 రూపాయలు, 2024లో 30 లక్షలు దాటింది. ఆ లెక్క మా జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "కానీ పాడుకున్నోడు లడ్డు ఊరికంతా పంచుతాడు. మిగిలింది చేలో చల్లుకుంటాడు. మీరు దాచిపెడతారు. అదొక్కటే తేడా." తమ్ముడు జవాబు చెప్పకుండా కిందికి దిగిపోయాడు. పొద్దున టీ తాగేటప్పుడు, "ఆయన చెప్పింది రాత్రంతా బుర్రలో తిరిగిందన్నా" అన్నాడు.

నాలుగో రోజు, సోమవారం – గుత్తి, తాడిపత్రి

వానంతా మాయమైపోయింది, ఎండ పేలుతోంది. కోట ఎక్కడం మొదలుపెట్టిన పావుగంటకే నాకు ఆయాసం. మన్రోను మొదట ఈ కొండ కింద శ్మశానంలోనే పూడ్చారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. దూరంగా పుట్టి ఇక్కడ పోయినవాళ్ల రాళ్లు ఇంకా కొన్ని ఉన్నాయి. తమ్ముడు వాటి మీది ఊళ్ల పేర్లు చదువుతూ చాలాసేపు నిలబడ్డాడు. ఆ పేర్లు వాడు రోజూ వినేవి.

నీడకు కూర్చున్నప్పుడు, "ఈ ఎండలో పీపా పెడితే ఏమవుతుంది?" అన్నాను. వాడికి ఇష్టమైన సబ్జెక్టు. పీపా చెక్కలోంచి సరుకు ఆవిరవుతూ ఉంటుంది. దాన్ని దేవతల వాటా అంటారట. స్కాట్లండు చలిలో ఏడాదికి నూటికి రెండు వంతులు పోతుంది. బెంగళూరులో అమృత్ వాళ్ల పీపాల్లో పదికి పైగా పోతుంది. అందుకే వాళ్లు 2013లో ఎనిమిదేళ్ల సరుకు 144 సీసాలే తీయగలిగి, దానికి ఆశపోతు దేవతలు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ అమృత్ సింగిల్ మాల్ట్‌ను 2004లో మొట్టమొదట విడుదల చేసింది కూడా గ్లాస్గోలోనే.

"అయితే అనంతపురంలో పెడితే?"

"దేవతలే వచ్చి ఇల్లు కట్టుకుంటారన్నా."

తాడిపత్రి చింతల వెంకటరమణస్వామి గుడి చూశాం. శిల్పం గురించి రాయాలంటే వేరే కథనం కావాలి. రాత్రి అక్కడే పడక.

ఐదో రోజు, మంగళవారం – గండి, కడప

పులివెందుల, వేంపల్లె మీదుగా గండి. పాపాఘ్ని రెండు కొండల మధ్య సందులోంచి బయటపడే చోటు, ఒడ్డున ఆంజనేయస్వామి. రాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఒక కొండ నుంచి ఇంకో కొండకు బంగారు తోరణం కట్టాడని, అది పుణ్యాత్ములకు చివరి రోజుల్లో కనిపిస్తుందని నమ్మకం. మన్రో ఇటుగా పోతూ ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. పక్కనున్న ముసలి నౌకరు గుండె జారిపోయింది. కొన్నాళ్లకే మన్రో పోయాడు. జిల్లా గెజిటీర్లలోకి కూడా ఎక్కిన కథ ఇది. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. పన్ను వసూలు చేయడానికి వచ్చిన దొరకు ఇంత మర్యాద ఎందుకిచ్చారో నాకిప్పటికీ పూర్తిగా అంతుపట్టదు.

మధ్యాహ్నానికి కడప. చిన్నాయన గుమ్మంలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పూజ, పాయసం, ఫోటోలు అన్నీ అయ్యాయి. బంధువులు వెళ్లాక, ఏడు దాటాక, తమ్ముడు జొన్నపిండి డబ్బా తెచ్చి టీపాయ్ మీద పెట్టి చీర విప్పాడు. నాలుగు చిన్న గ్లాసులు ముందే కడిగి పెట్టుకున్నాడు. ఎండలో నాలుగు రోజులు తిరిగిన బెండు విరుగుతుందేమోనని టీ వడగట్టే జాలీ కూడా అడిగి తెచ్చుకున్నాడు.

చిన్నాయన కళ్లజోడు పెట్టుకుని లేబుల్ చదివాడు. కాలువ సంగతి తమ్ముడు చెబుతుంటే మాత్రం కుర్చీలో ముందుకు జరిగాడు. ఆ కాలువ 1790లో పూర్తయిందని, 1963లో పడవలు ఆపేసి మూసేశారని, 2001లో మళ్లీ తెరిచారని. ఫాల్కర్క్‌లో పెద్ద చక్రం ఒకటి పడవల్ని నీళ్లతో సహా 24 మీటర్లు పైకెత్తి ఇంకో కాలువలో దించుతుందని.

"మన కె.సి. కాలువ కూడా సాగుకూ పడవలకూ కలిపి తవ్వినారు ముందు" అన్నాడు చిన్నాయన. "నువ్వు పుట్టిన రాత్రి నేను లాకుల కాడ డ్యూటీలో ఉంటి. తెల్లారినాక కబురొచ్చింది." సీసా మీది 1990ని బొటనవేలితో రుద్దాడు. "ఎంత దీనికి?"

తమ్ముడు తక్కువ చేసి చెప్పబోయాడు. నేను ఉన్నమాట చెప్పేశాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

చిన్నాయన సీసా తీసుకుని లేచాడు. "నేను మానేసి ఎనిమిదేండ్లాయ. ఇంత పెట్టి కొన్నది ఈ పొద్దు తాగి రేపు పోసేదా? నీ కొడుకు పెండ్లికి చూద్దాం." నాలుగేళ్ల మనవడి పెండ్లికి! లోపల బీరువా తెరుచుకున్న చప్పుడు. పొలం పాసుపుస్తకాలు, చిన్నమ్మ పట్టుచీరలు ఉన్న అర.

"నాయనా, నిలువుగా పెట్టు! పడుకోబెట్టద్దు!" అని తమ్ముడు వెనకాలే పరుగెత్తాడు. నాలుగు గ్లాసుల్లో చిన్నమ్మ మజ్జిగ పోసింది.

ఆరో రోజు, బుధవారం – పొద్దున

బయలుదేరే ముందు చిన్నాయన నన్ను లోపలికి పిలిచాడు. బీరువా మధ్య అరలో సీసా నిలువుగానే ఉంది. దాని పక్కన కాగితం పట్టీ ఒకటి అంటించి ఉంది, కాలువ గేజి మాదిరి గీతలు గీసి, స్కేలుతో కొలిచి. సరుకు మట్టం దగ్గర ఎర్ర పెన్నుతో తేదీ, సమయం, పక్కన పొట్టి సంతకం.

"మీ దేవతలు ఏడాదికి నూటికి రెండు తాగుతారన్నాడు వీడు" అన్నాడు. "అది పీపాలో కదా. సీసాలో ఎంత పోతాదో చెప్పలేదు. నెలకొకసారి చూసి రాస్తా."